అప్పటిదాకా ఏం చేయాలి

జనవరి 12

చిరంజీవి మరిదికి వదిన ఆశీస్సులు.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇంట్లో ఇద్దరం బాగానే ఉన్నాం. బాగాలేనిది మీ అన్నదమ్ములిద్దరూ కలిసి పెంచిన మూడోవాడు, ఆ రక్తదాతల వెబ్‌సైటు. పదిహేనేళ్లపాటు పెళ్లాన్ని కూడా అంతగా చూడకుండా మీ అన్నయ్య చూసుకున్న ఆ మహానుభావుడు వారం రోజులుగా పొద్దున్నే మొండికేస్తున్నాడు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? "ఫోన్లో చెబితే ఏడుపు వినిపిస్తుంది, తప్పు వినిపించదు. ఏదైనా కాగితం మీద రాసివ్వండి" అని రూలు పెట్టింది మీ అన్నయ్యే కదా. ఆయన అచ్చువేయించిన చీటీల కట్ట మా బ్లడ్ బ్యాంకు సొరుగులో ఇంకా సగం ఉంది. ఐదు ప్రశ్నలకూ బుద్ధిగా జవాబులు రాస్తున్నాను.

ఏం చేశారు: పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కి, ఓ నెగటివ్ దాతల పేజీ తెరిచాను.
ఏం జరగాలి: పేర్లూ ఫోన్ నంబర్లూ రావాలి.
ఏం జరిగింది: తెల్లటి పేజీ మీద 500 అని ఒక అంకె వచ్చింది. కింద ఏదో క్షమాపణ.
మళ్లీ చేస్తే మళ్లీ జరుగుతోందా: జరుగుతోంది. తొమ్మిదింటికి దానంతటదే బాగవుతోంది.
అప్పటిదాకా ఏం చేయాలి: ఇది రాయాల్సింది మీ నిపుణులు. నేను మటుకు నా పాత నోటుపుస్తకం తీసి, అందులో ఉన్నవాళ్లకు ఫోన్లు చేస్తున్నాను.

మీ అన్నయ్యకు చెప్పలేదు. చెబితే చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా ఆసుపత్రికి పరుగెడతారు. రికార్డు గది నుంచి రిటైరై ఏడాదే కదా అయింది, కాస్త విశ్రాంతిగా ఉండనీ. పొద్దున్నే ఆరింటికి వాకింగుకి వెళ్తున్నారు. ఏడున్నరకి వచ్చేసరికి ముఖం కళకళలాడుతూ ఉంటోంది. నిన్న నాకు కాఫీ కలిపి, పంచదారకు బదులు ఉప్పు వేసి ఇచ్చారు. ఇదేంటండీ అంటే "నీ నాలుక పనిచేస్తోందో లేదో చూశా" అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

జవాబు ఇంటికి కాకుండా బ్లడ్ బ్యాంకుకే రాయి.

మీ వదిన

జనవరి 19

వదినకు నమస్కారాలు.

నీ చీటీ చూసి ముచ్చటేసింది. నా కింద పనిచేసే ఇంజినీర్లు "పోయింది సార్" అనడం తప్ప ఇంకో ముక్క చెప్పరు. ఏం పోయింది, ఎప్పుడు పోయింది, నువ్వు ఏం నొక్కితే పోయింది అని లాయరులా అడిగి రాబట్టాలి. ఒకసారి వాళ్లను నీ దగ్గరికి శిక్షణకు పంపిస్తా.

500 అంటే సర్వర్ అలిగిందని అర్థం. "నా లోపల ఏదో తేడా చేసింది, ఏమిటో నీకు చెప్పను పో" అని మొహం తిప్పుకుంటుంది. అసలు కారణం లాగ్‌లో రాసి పెట్టుకుంటుంది. జరిగినవన్నీ గంటా నిమిషంతో సహా రాసుకునే దినచర్య అది. అన్నట్టు, "దానంతటదే బాగవుతోంది" అన్నావే, ఆ దానంతటదే నేనే. ఆఫీసుకు రాగానే చూసి సరిచేస్తున్నాను.

జబ్బు ఏమిటో చెప్తా. దాతల వివరాలు ఉండేచోటికి విడిగా తాళం ఉంది. ఆ తాళం పాస్‌వర్డ్ ఒక సెట్టింగుల ఫైలులో రాసి ఉంటుంది. ఎనిమిదేళ్ల కిందట దాన్ని మార్చాం. ఇప్పుడు ఎవరో రోజూ పొద్దున ఆ ఫైలు తెరిచి, కొత్తది కొట్టేసి, పాతది రాసి, సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతున్నారు. పాత తాళంచెవితో కొత్త తాళం తెరవబోయి అది చతికిలబడుతోంది. ఆ పాత పాస్‌వర్డ్ ఏమిటో గుర్తుందా? నా పేరూ, నేను పుట్టిన సంవత్సరమూ. ఊళ్లో ఎవరైనా ఊహించేస్తారని నేనే పోరి మార్పిస్తే అన్నయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ దొంగెవరో గానీ నా మీద చెప్పలేనంత అభిమానం.

ఎవరని అడుగుతావేమో. తెలియడం లేదు. అన్నయ్య పుణ్యమా అని లోపలికి వెళ్లడానికి అందరికీ ఒకటే లాగిన్. "అందరూ మనవాళ్లే కదరా" అనేవాడు. సోమవారం ఆ లాగిన్ పాస్‌వర్డ్ మార్చాను. మంగళవారం అన్నయ్యే ఫోన్ చేసి "చిన్నోడా, లోపలికి వెళ్లలేకపోతున్నాను" అన్నాడు. చెప్పాను. ఆయన కట్టిన ఇంటికి ఆయనకే తాళంచెవి ఇవ్వనంటే ఎలా? అలవాటు కొద్దీ రికార్డు గదివాళ్లకూ చెప్పేసి ఉంటాడు, వాళ్లు చీటీ మీద రాసి కంప్యూటరుకు అంటించి ఉంటారు. అది ఎవరో చదువుతున్నారు.

గమనించావా వదినా, రెండేళ్లుగా అన్నయ్య నన్ను పేరుపెట్టి పిలవడమే మానేశాడు. ఫోనెత్తితే చిన్నోడా, ఉత్తరం రాస్తే చిన్నోడా. నాకు నలభై మూడేళ్లు, సగం తల నెరిసింది. అయినా ఆ పిలుపు వింటే ఏడో తరగతి పిల్లాణ్ణయిపోతాను. వయసు మీదపడేకొద్దీ ప్రేమ ముదురుతున్నట్టుంది.

ఇంకో సంగతి. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ నోటీసు పంపింది. జూన్ ముప్పై తర్వాత పాత వర్షన్ ఉండదు, అప్‌గ్రేడ్ చేసి తీరాలి. కొత్తదాంట్లో ఎవరి లాగిన్ వాళ్లదే. వెళ్లిన ప్రతిసారీ వాళ్ల ఫోనుకు ఒక కోడ్ వస్తుంది, ఎవరు ఏం మార్చారో పేరుతో సహా రాసిపెడుతుంది. ముందుగానే ఒక నకలు తీసి, దాన్ని అప్‌గ్రేడ్ చేసి చూశాను. అన్నయ్య రాసిన ప్రోగ్రాము నూట పన్నెండు చోట్ల విరిగింది. ఒక్కొక్కటే అతుకుతున్నాను.

నీ మరిది

ఫిబ్రవరి 2

మరిదీ,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను.

ఆ ఎవరో సంగతి ఇక వెతకడం ఆపెయ్యి. రోజూ ఏడింటికల్లా నువ్వు సరిచేసేస్తే సరిపోదా? కాస్త ముందు లేస్తే ఏం పోయింది? అప్‌గ్రేడ్‌కు కూడా అంత తొందరేముంది, ఇంకో ఏడాది వాయిదా వేయమని ఆ కంపెనీవాళ్లను అడిగి చూడు. నడుస్తున్నదాన్ని నడవనివ్వచ్చు కదా.

ఇక్కడ చలి బాగా ఉంది. మీ అన్నయ్య స్వెట్టరు తిరగేసి వేసుకుని వాకింగుకి వెళ్లారు.

ఫోన్ మాత్రం చేయకు.

వదిన

ఫిబ్రవరి 16

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఇంత ముక్తసరిగా ఎప్పుడూ లేదు. కోపం వచ్చిందా? అన్నయ్య చేత్తో రాసినదాన్ని చెరిపేసి నా పేరు పెట్టుకుంటానని అనుకుంటున్నావా? ఒట్టు వదినా, నేను ఒక్కో వరుసా తీసేటప్పుడు ఆయన మీసం కత్తిరిస్తున్నట్టే ఉంటోంది. కానీ వాయిదా నా చేతిలో లేదు. జూన్ ముప్పై అంటే ముప్పయ్యే. ముందు చూసుకోకపోతే జులై ఒకటిన పొద్దున నీ దగ్గర రక్తం అడిగేవాడికి నేను జవాబు చెప్పాలి.

ఆ ఎవరో మాత్రం దొరికిపోయింది. లాగ్‌లో ఇంకాస్త వివరంగా రాసేలా ఏర్పాటు చేశాను. పన్నెండు రోజుల్లో పదకొండు రోజులు, సరిగ్గా ఆరూ నలభైకి, రికార్డు గదిలోని కంప్యూటరు నుంచే జరిగింది. ఆ వేళకు ఆ గది తాళాలు ఉండేది పొద్దుటి షిఫ్టు ఆపరేటరమ్మ దగ్గరే. కావాలని చేసిందని నేననను, తెలియక ఏదో నొక్కుతోందేమో. కానీ దాతల జాబితాతో ఆటలేమిటి? సూపరింటెండెంటు గారికి లాగ్ జతచేసి రాశాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి లాగ్ చదవడం రాదు కాబోలు, నేను పట్టాను.

అన్నయ్యతో అనకు. ఆవిడంటే ఆయనకు గౌరవం.

నీ మరిది

మార్చి 3

మరిదీ,

ఆపరేటరమ్మను బట్టల గదికి మార్చారు. పద్దెనిమిదేళ్లు కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి ఇప్పుడు దుప్పట్లు లెక్కపెడుతోంది. అడిగితే ఒక్క మాటా చెప్పలేదట, తల వంచుకుని వెళ్లిపోయిందట. ఈ పాపంలో నీది పావలా వంతు, మిగతా ముప్పావలా నాది.

చెప్పేది నెమ్మదిగా చదువు.

ఫిబ్రవరి ఇరవై ఏడున పొద్దున కాన్పుకు వచ్చిన ఒకమ్మాయికి రక్తం ఆగలేదు. ఓ నెగటివ్ కావాలి, మా దగ్గర ఒక్క సంచీ ఉంది. పేజీ తెరిస్తే 500. ఆపరేటరమ్మ వెళ్లిపోయి నాలుగు రోజులయ్యాక కూడా అదే 500. నోటుపుస్తకంలో మొదటి నంబరు పనిచేయలేదు, రెండో ఆయన ఊళ్లో లేడు, మూడో ఆయన సైకిల్ మీద వచ్చాడు. నలభై నిమిషాలు. తల్లీ బిడ్డా బతికారు. ఆ నలభై నిమిషాలూ నా చేతులు ఏ పని చేశాయో నాకు గుర్తులేదు.

మర్నాడు మీ అన్నయ్య వాకింగుకి బయల్దేరితే ఇరవై అడుగుల వెనక నేనూ నడిచాను. నేరుగా ఆసుపత్రికి వెళ్లారు. వాచ్‌మన్ నమస్కారం పెట్టాడు. జేబులోంచి రికార్డు గది తాళంచెవి తీశారు, రిటైరైనప్పుడు తిరిగి ఇవ్వనేలేదట. కళ్లజోడు తుడుచుకుని కూర్చుని, ఫైలు తెరిచి, "మళ్లీ ఎవడో పాడుచేశాడు" అని విసుక్కుంటూ రెండు వేళ్లతో కొట్టారు. సర్వర్ ఆపి మొదలుపెట్టారు. పేజీ వచ్చిందో లేదో చూడలేదు. సరిచేసిన మనిషికి మళ్లీ చూడాల్సిన అవసరమేముంటుంది? వెనక్కి తిరిగి నన్ను చూసి "వచ్చావా? చీటీ తెచ్చావా?" అన్నారు.

లేదండీ, ఇవాళ ఏ తప్పూ లేదు అన్నాను. ఎంత సంతోషపడ్డారో.

ఆయన దొంగ కాదు మరిదీ. రోజూ పొద్దున లేచి, దొంగ చేసిన నష్టాన్ని పూడుస్తున్నాననే అనుకుంటున్నారు. నువ్వు ఆ పాస్‌వర్డ్ నీ పేరని రాయగానే నాకు తెలిసిపోయింది. తెలిసీ మింగలేక కక్కలేక నెల రోజులు కూర్చున్నాను. నిజమని ఒప్పుకుంటే నిజమైపోతుందని భయం. ఆ అమ్మాయికి ఏమైనా అయ్యుంటే నా మొహం నేను చూసుకోగలిగేదాన్నా?

డాక్టరుకు చూపించాను. మతిమరుపు జబ్బేనట, నెమ్మదిగా పెరుగుతుందట, తగ్గించే మందు లేదట. ఆయన శ్రద్ధగా విని, బయటికి వచ్చాక "పాపం, ఎవరికట ఆ జబ్బు?" అని అడిగారు.

బట్టల గదికి వెళ్లి ఆపరేటరమ్మ చేతులు పట్టుకున్నాను. ఏమందో తెలుసా? "పెద్దాయన రోజూ వచ్చి, అమ్మా కాస్త అలా కూర్చోండి, ఎవరో పాడుచేస్తున్నారు అనేవారు. నాకు మౌసు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయన మీద నేనెట్లా చెప్పను? దుప్పట్లు కూడా ఎవరో ఒకరు లెక్కపెట్టాలిగా" అంది.

ఆ పేజీ ఇంకొక్కరోజు కూడా పడిపోకూడదు. కానీ తాళం మార్చి ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టకు. రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు. చదువుకున్నవాడివి నువ్వే.

మీ వదిన

మార్చి 11

వదినా,

నీ ఉత్తరం అందింది. ఈశ్వరుడి మీద జోకు వేశాను చూడు, ఆ కాగితం నీ దగ్గరుంటే చింపెయ్యి.

సూపరింటెండెంటు గారికి తప్పు నాదేనని రాశాను. ఆపరేటరమ్మకు రాసిన ఉత్తరం ఇందులో పెట్టాను, నువ్వే చేతికివ్వు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకోవాలి కదా.

అన్నయ్య అడిగిన ప్రతిసారీ పాస్‌వర్డ్ చెప్పింది నేనే. ఐదుసార్లు అడిగాడు వదినా. ఐదుసార్లు అడిగినవాణ్ణి ఎందుకన్నయ్యా అని ఒక్కసారి కూడా నేను అడగలేదు. ఆఫీసులో ఎక్కడో అరసెకను ఆలస్యమైతే కనిపెడతాను. సొంత అన్నను మాత్రం కనిపెట్టలేకపోయాను.

రెండూ కుదిరే దారి ఒకటుంది. అప్‌గ్రేడ్ పరీక్షకు నకలు తీశానని రాశానే, పాత వర్షన్‌తోనే అలాంటిది ఇంకొకటి తీశాను. అన్నీ ఆయన రాసినవే, ఒక్క వరుస మార్చలేదు. దాతల పేర్లు మాత్రం కల్పించినవి. కంపెనీవాళ్లు తీసేయకుండా నా గదిలో బీరువా పక్కన పాత కంప్యూటరు ఒకటి పెట్టి దాని మీద నడుపుతున్నాను. రికార్డు గదిలో ఆయన కూర్చునే కంప్యూటరు ఇక నుంచి దానికే వెళ్తుంది. అసలుదాన్ని ఆయన ముట్టుకోలేడు. రోజూ పొద్దున ఆయన నకలును సరిచేస్తాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చి దాన్ని మళ్లీ పాడుచేస్తాను. మర్నాటికి పని ఉండాలి కదా.

నీ మరిది

మే 6

మరిదికి,

నీ నకలు నీలాగే మాట వింటోంది. పేజీ రెండు నెలలుగా ఒక్కరోజు కూడా పడిపోలేదు.

ఆపరేటరమ్మ తన కుర్చీకి తిరిగొచ్చింది. ఆరూ నలభైకి లేచి నిలబడి ఆ కుర్చీ ఆయనకిస్తుంది. ఆయన పని అయిపోయాక "ఇక మీరు చూసుకోండమ్మా" అని లేస్తారు. ఈ నాటకంలో వాచ్‌మన్ నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ వేషాలున్నాయి. నీ ఉత్తరం ఆవిడ చదివి "ఆయన తమ్ముడే, అక్షరం కూడా అలాగే ఉంది" అని దాచుకుంది.

మీ అన్నయ్య ఇంటికొచ్చి "ఇవాళ కూడా నిలబెట్టాను" అంటారు. అంత గర్వం ఉద్యోగం చేసే రోజుల్లో కూడా చూడలేదు. మధ్యాహ్నాలు మటుకు బాగుండవు. మొన్న నన్ను "సిస్టర్, మా ఆవిడ డ్యూటీ ఎప్పుడు దిగుతుంది?" అని అడిగారు. ఐదింటికండీ అన్నాను. ఐదింటిదాకా గుమ్మంలో కూర్చున్నారు. ఐదు కొట్టాక నేను వెనక గుమ్మంలోంచి వెళ్లి ముందు గుమ్మంలోంచి వచ్చాను. నవ్వొస్తుంది కదూ. నాకూ అప్పుడు నవ్వే వచ్చింది, తర్వాత వంటగదిలో ఏడ్చాను.

వదిన

జులై 4

వదినకు నమస్కారాలు.

అప్‌గ్రేడ్ అయిపోయింది. నూట పన్నెండు విరిగాయన్నానే, ఒక్కటీ మిగల్లేదు. ముందుగా చూసుకోవడం వల్ల మూడు నిమిషాలు ఆగి మళ్లీ లేచింది. నీకు తెలిసి కూడా ఉండదు.

అన్నయ్య రాసిందంతా పోయినట్టే. ఒక్క వరుస మాత్రం ఎత్తి అలాగే పెట్టాను. పేజీ అడుగున ఉంటుంది, నువ్వు పదిహేనేళ్లుగా చూస్తున్నదే: "ఫోన్ ఎత్తగానే రక్తం అడక్కండి. ముందు నమస్కారం చెప్పండి." కొత్త వర్షన్‌కు దానితో ఏ పేచీ లేదు.

రోజూ సాయంత్రం నకలు లాగ్ తెరుస్తాను. ఆరూ నలభై, ఫైలు తెరిచారు. ఆరూ నలభై మూడు, పాస్‌వర్డ్ మార్చారు. దాని పక్కనే నా పేరు. ఒక్కోసారి ఒక అక్షరం తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ సరిగ్గా కొట్టిన జాడ ఉంటుంది. పూర్వం తప్పు కనిపిస్తే ఒళ్లు మండేది. ఇప్పుడు అది కనిపిస్తేనే అన్నం తింటున్నాను.

నీ మరిది

ఆగస్టు 22

వదినా,

తొమ్మిది రోజులుగా నకలు లాగ్ శుభ్రంగా ఉంది. ఫైలు తెరవలేదు, మార్చలేదు, ఆపలేదు. మొదటి రోజు జ్వరమేమో అనుకున్నాను. రెండో రోజు కంప్యూటరు తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాను. తప్పు నా వైపు ఏమీ లేదు. ఉంటే బాగుండునని వెతికాను.

నా పేరు ఎవరూ కొట్టలేదు. ఏమైందో రాయి. శని, ఆదివారాలు చూసుకుని నేను బయల్దేరుతున్నాను.

నీ మరిది

ఆగస్టు 27

మరిదికి వదిన ఆశీస్సులు.

రా. ఈ ఉత్తరం నీకంటే ముందు చేరుతుందో లేదో.

పద్నాలుగో తేదీ పొద్దున కూడా వెళ్లారు. కుర్చీలో కూర్చుని తెర వంక చాలాసేపు చూసి, "ఇది ఎవరిదమ్మా?" అని ఆపరేటరమ్మను అడిగారట. మీదేనండీ అందట. "నాది కాదు, ఎవరో మంచివాళ్లు కట్టినట్టున్నారు" అని లేచి వచ్చేశారు. మర్నాటి నుంచి వాకింగుకి వెళ్లలేదు. తాళంచెవి తనంతట తానే నా చేతిలో పెట్టారు. అన్నం తింటున్నారు, నిద్రపోతున్నారు. ఎవరైనా వస్తే నమస్కారం మాత్రం ముందు చెబుతున్నారు.

ఆయన చీటీలన్నీ గుచ్చిపెట్టుకున్న తీగ తుప్పుపట్టిందని నిన్న విప్పాను. వందల చీటీలు. సరిచేసిన ప్రతిదాని మీదా ఎర్ర సిరాతో టిక్కు ఉంది. టిక్కు లేనిది ఒక్కటే దొరికింది, ఆయన చేతిరాతే. రెండేళ్ల కిందటిది, అప్పటికింకా ఉద్యోగంలోనే ఉన్నారు. ఎవరికీ చెప్పకుండా తన మీద తనే రాసుకున్నారు. మనిద్దరికంటే ముందే ఆయన కనిపెట్టారు మరిదీ. నోటికి రాని పేరు మొన్నటిదాకా వేళ్లకు వచ్చేదన్నమాట.

చీటీ నీకు పంపుతున్నాను. నీదే అది. నువ్వు వచ్చినప్పుడు ఆయన నిన్ను ఎలా పిలిచినా, అసలు పిలవకపోయినా, నొచ్చుకోకు.

మీ వదిన

ఏం చేశారు: తమ్ముడికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.
ఏం జరగాలి: పైన వాడి పేరు రాయాలి.
ఏం జరిగింది: పేరు రాలేదు. ముఖం వచ్చింది, గొంతు వచ్చింది, స్కూలు సంచీతో సహా వచ్చింది. పేరు రాలేదు.
మళ్లీ చేస్తే మళ్లీ జరుగుతోందా: మూడు రోజులు చూశాను. జరుగుతోంది.
అప్పటిదాకా ఏం చేయాలి: చిన్నోడా అని పిలవాలి. నిన్న ఫోన్లో అలా పిలిచి చూశాను. వాడికి ఏమీ తెలియలేదు, పైగా సంతోషపడ్డాడు.